ఓటు లేని ఊరికి ప్రయాణం

ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో నన్ను దింపడానికి మా పక్కింటి టర్కీ పెద్దాయన కారు తీశారు. 1961లో జర్మనీ, టర్కీ కుదుర్చుకున్న కార్మికుల ఒప్పందం మీద వాళ్ల నాన్న ఇక్కడికి వచ్చారట. ఈయన జర్మన్ పౌరసత్వం తీసుకునే నాటికి పాత పౌరసత్వం వదిలితేనే కొత్తది ఇచ్చేవారు. అందుకని టర్కీ ప్రభుత్వం అనుమతితో దాన్ని వదులుకుని, బదులుగా వాళ్లిచ్చే నీలి కార్డు తీసుకున్నారు. దాన్ని వాళ్లు ‘మావి కార్ట్’ అంటారు. అది చేతిలో ఉంటే టర్కీలో ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, ఇల్లు కొనొచ్చు, వారసత్వం పొందొచ్చు. ఓటు మాత్రం ఉండదు, ఎన్నికల్లో నిలబడకూడదు, ప్రభుత్వంలో శాశ్వత ఉద్యోగం దొరకదు. సైన్యంలో పనిచేయాల్సిన బాధ్యత కూడా ఉండదు.

2024 జూన్ 27 నుంచి జర్మనీ చట్టం మారింది. రెండు పౌరసత్వాలూ ఉంచుకోవచ్చు. అప్పటి నుంచి వాళ్లింట్లో ఇదే చర్చ. ఆయన టర్కీ పౌరసత్వం మళ్లీ కావాలని కాన్సులేటుకు దరఖాస్తు పెట్టారు. ఆయన భార్యకు కార్డే చాలు. కొడుకైతే సైన్యం పేరెత్తితేనే లేచి వెళ్లిపోతాడు. ఒకే ఇంట్లో ముగ్గురివి మూడు దారులు.

“మీరూ రెండూ పెట్టుకోవచ్చు కదా?” అని అడిగారు సామాను దించుతూ.

జర్మనీ ఒప్పుకుంటుంది, ఇండియా ఒప్పుకోదు అన్నాను. మన 1955 పౌరసత్వ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, ఇష్టపూర్వకంగా మరో దేశ పౌరసత్వం తీసుకున్న మరుక్షణం భారత పౌరసత్వం దానంతటదే పోతుంది. ఎవరూ రద్దు చేయనక్కర్లేదు. మనం చేయాల్సిందల్లా పాత పాస్‌పోర్టు తీసుకెళ్లి అప్పగించి, అప్పగించినట్టు పత్రం తెచ్చుకోవడం. ఆ తర్వాత, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డుకు దరఖాస్తు పెట్టుకోవడం.

“అయితే మీకు ఎంచుకోవడానికి ఏముంది?” అన్నారాయన. ఉంది, కానీ అది జర్మన్ పౌరసత్వ ప్రమాణం చేయకముందే. అయిదేళ్ల నివాసం, బీ1 స్థాయి భాష, 33 ప్రశ్నల్లో 17 సరిగ్గా రాస్తే గట్టెక్కే పరీక్ష, ఇవన్నీ అయిపోయి పత్రం చేతిలో పెట్టే గది దాకా వెళ్లాక ఇక ఎంచుకోవడానికి ఏమీ మిగలదు.

నేను పౌరసత్వం మార్చుకున్న కారణం చెబితే మా ఊళ్లో నమ్మరు. బాపు కోసమే మార్చుకున్నాను. జర్మనీలో శాశ్వత నివాస అనుమతి ఉన్నవాడు ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే మామూలుగా ఆ అనుమతి పోతుంది. అమ్మ పోయాక బాపు ఒంటరివాడయ్యాడు. ఏడాదిలో సగానికిపైగా ఆయన దగ్గరే ఉండాలంటే, అవసరమైనప్పుడు జర్మనీకి తిరిగి రావాలంటే, నాకు ఆ పాస్‌పోర్టు కావలసివచ్చింది. సొంతింట్లో ఎక్కువ రోజులు ఉండటానికి పరాయి దేశం పౌరుణ్ని అయ్యానన్నమాట.

చెకిన్ కౌంటర్‌లో అమ్మాయి జర్మన్ పాస్‌పోర్టు తిరగేసి ఇండియా వీసా ఏదని అడిగింది. నీలం బూడిదరంగు అట్ట మీద అశోకుడి సింహాలున్న ఓసీఐ పుస్తకం ఇచ్చాను. చూడటానికి అదీ పాస్‌పోర్టులాగే ఉంటుంది, కానీ దాన్నొక్కదాన్నే పట్టుకుని ఏ దేశానికీ పోలేం. నిజానికి అది జీవితాంతం చెల్లే వీసా. ఎన్నిసార్లైనా రావచ్చు, ఎన్నాళ్లైనా ఉండొచ్చు, విదేశీయులు చేయించుకోవాల్సిన పోలీసు నమోదు ఉండదు.

ఈ కార్డు తొలిసారి చేతులు మారింది హైదరాబాద్‌లోనే. 2006 జనవరిలో ఇక్కడ జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ మొదటి కార్డులు అందజేశారు. ఎల్.ఎం. సింఘ్వీ కమిటీ అంతకుముందు ద్వంద్వ పౌరసత్వమే సిఫారసు చేసింది. చట్టం దాకా వచ్చేసరికి అది కార్డుగా తేలింది. అంతకుముందు నుంచి ఉన్న పీఐఓ కార్డును 2015లో ఇందులో కలిపేశారు.

శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ అధికారి పాస్‌పోర్టులో పుట్టిన ఊరు చదివి తలెత్తాడు. “వేములవాడ పక్కనా సార్?” అని నవ్వుతూ ముద్ర వేశాడు. ఇన్నేళ్లలో నా పాస్‌పోర్టు మీద హైదరాబాద్‌లో విదేశీయుడిగా పడ్డ మొదటి ముద్ర అది.

సిద్దిపేట దాటి సిరిసిల్ల దారి పట్టాక చాయ్ కోసం ఆగాం. 2025 డిసెంబరు, పంచాయతీ ఎన్నికల రోజులు. హోటల్ బెంచీ మీద రాజకీయం తప్ప మరో మాట లేదు. నేను జర్మనీ నుంచి వస్తున్నానని డ్రైవర్ చెప్పాడో లేదో, ఒక పెద్దమనిషి నా వైపు తిరిగి, “మా పాత ఎమ్మెల్యే సారు లెక్కనా?” అన్నాడు. అందరూ నవ్వారు. వేములవాడ నుంచి నాలుగుసార్లు గెలిచిన చెన్నమనేని రమేశ్ పౌరసత్వం కేసు ఆ చుట్టుపక్కల పిల్లలకు కూడా తెలుసు. ఏళ్ల తరబడి నడిచిన ఆ కేసులో, ఆయన జర్మన్ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తేల్చి, 30 లక్షల రూపాయలు చెల్లించమని ఆదేశించింది. రెండు దేశాల మధ్య పౌరసత్వం ప్రశ్న మా ప్రాంతంలో పుస్తకాల్లో చదివేది కాదు, చాయ్ హోటల్లో తెగేది.

ఇంటికి చేరిన మర్నాడే సర్పంచి అభ్యర్థి వచ్చాడు. చిన్నప్పుడు నా వెనక తిరిగిన పిల్లగాడు.

“అన్నా, ఉంగరం గుర్తు. యాదుంచుకో.”

“వానికి ఓటు లేదు, పో” అన్నాడు బాపు వాకిట్లోంచి.

“ఎందుకు లేదు పెద్దబాపూ? గిదిగో పేరు” అని ఓటరు జాబితా విప్పాడు. వార్డు, ఇంటి నంబరు, తండ్రి పేరు, నా పేరు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పౌరసత్వం పోయినంత మాత్రాన జాబితాలో పేరు దానంతటది పోదు, కానీ పేరున్నా పౌరుడు కానివాడికి ఓటు హక్కు లేదు. ఆ సాయంత్రమే పేరు తీసేయమని ఫారం 7 నింపి బూత్ స్థాయి అధికారికి ఇచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివి, “పోయినోళ్ల పేరు తీయమని ఇస్తరు గని, ఎదురుంగ నిలబడ్డోళ్లు ఇయ్యంగ సూడలే సార్” అన్నాడు.

భారత పాస్‌పోర్టుతో విదేశంలో ఉన్నవాడి సంగతి వేరు. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించాక వాళ్లు ఓటరుగా నమోదు కావచ్చు. పోలింగు రోజు ఊళ్లో ఉంటే ఓటు వేయొచ్చు.

అసలు పని భూమిది. బోరు కింద ఉన్న మడి నా పేర చేయాలని బాపు పట్టు. మీ సేవలో స్లాట్ బుక్ చేద్దాం, తహసీల్దార్ ఆఫీసుకు పోయి గిఫ్ట్ డీడ్ రాసిద్దాం అని పట్టాదారు పాస్‌బుక్కు ముందే గుడ్డసంచిలో పెట్టుకున్నాడు. కాగితాలు రాసే ఆయనను ఇంటికే పిలిపించి, ఆయన చేతే చెప్పించాను. ఓసీఐ కార్డున్నవాళ్లు సాగుభూమి కొనకూడదు, బహుమతిగానూ తీసుకోకూడదు. ఫామ్‌హౌస్‌కూ తోటలకూ ఇదే నియమం. హైదరాబాద్‌లో ఫ్లాటు ఎన్నైనా కొనుక్కోవచ్చు. వారసత్వంగా మాత్రం సాగుభూమి కూడా వస్తుంది.

బాపు కాసేపు పాస్‌బుక్కు అట్ట గోటితో గీకుతూ కూచున్నాడు.

“అంటె నేను సచ్చినంకనే నీకు విరాసత్ అయితదన్నట్టు.”

“అవును బాపూ.”

“సరే, తొందరేం లేదు” అన్నాడు. సంచి తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

ఈ తప్పు కార్డుదొక్కదానిదే అనుకోవద్దు. భారత పాస్‌పోర్టుతో విదేశంలో స్థిరపడ్డవాడికీ సాగుభూమి కొనడానికీ బహుమతిగా పొందడానికీ ఇదే అడ్డు. కాకపోతే పౌరుడు తిరిగొచ్చి ఊళ్లో స్థిరపడితే మళ్లీ అందరిలాంటి రైతే. కార్డు హక్కులను లెక్కగట్టిన కేంద్ర ప్రభుత్వ 2021 మార్చి ప్రకటనలోనే సాగుభూమిని పేరు పెట్టి మినహాయించారు. అదే ప్రకటన వల్ల అప్పటి నుంచి కార్డు తీసుకున్న పిల్లలకు నీట్, జేఈఈలలో ఎన్నారై సీట్లు, లేదంటే అదనంగా కేటాయించే సూపర్‌న్యూమరరీ సీట్లే దిక్కు.

మనసు మారితే వెనక్కి వచ్చే దారి లేకపోలేదు. కార్డు తీసుకుని అయిదేళ్లు నిండి, దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు ఇక్కడే ఉండి ఉంటే, భారత పౌరసత్వానికి మళ్లీ అడగొచ్చు. అప్పుడు అక్కడిది వదులుకోవాలి. టర్కీ పెద్దాయనలా రెండు జేబుల్లో రెండు పాస్‌పోర్టులు మనకు కుదరవు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లకు నేను చెప్పేది ఇంతే. పాస్‌పోర్టు మార్చాలా వద్దా అన్నది అక్కడి జీతాన్ని బట్టి కాదు, ఇక్కడ మీకు మిగిలిన పనిని బట్టి తేల్చుకోండి. తల్లిదండ్రుల దగ్గర ఏడాదికేడాది ఉండాలి, పెళ్లిళ్లకూ పండగలకూ ఎప్పుడంటే అప్పుడు రావాలి, పట్నంలో ఇల్లు చాలు అనుకుంటే కార్డు నిక్షేపంగా సరిపోతుంది, నాకు సరిపోయింది. తిరిగొచ్చి సేద్యం చేయాలి, ఊరి మంచిచెడ్డల్లో ఓటుతో మాట చెప్పాలి అనుకుంటే మాత్రం అక్కడ శాశ్వత నివాసంతోనే సర్దుకుని భారత పాస్‌పోర్టు దగ్గరే ఉంచుకోండి. ఈ లెక్క ప్రమాణం చేసే రోజుకు ముందే ఇంట్లోవాళ్లతో కూచుని వేసుకోండి.