అంటుకు లేని మాత్రలు నాకెందుకు?

‘‘మామిడి అంటుకు మాత్రలెవరేస్తున్నారమ్మాయ్? ఒకసారి అతుక్కుంటే బతికినంతకాలం కాస్తూనే ఉంటుంది. నాకే ఎందుకీ గోల?’’

మొన్న జూలైలో జి.కొండూరు వెళ్లినప్పుడు నాన్న వేసిన ప్రశ్న ఇది. మందుల డబ్బా తెరిస్తే మూడు రోజుల మాత్రలు అలాగే ఉన్నాయి. నా గుండె జారిపోయింది. రెండేళ్ల క్రితం అమ్మ తన కిడ్నీ ఇచ్చి ఆయన్ని దక్కించుకుంది.

వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పిన మాత్ర వేయించాను. కానీ కోప్పడితే వినే మనిషి కాదు నాన్న. అందుకే తోటలోకి వెంటబెట్టుకెళ్లాను. నూజివీడు మామిడి పేరుతో బయటికెళ్లే కాయల్లో మా వైపు తోటలవీ ఉంటాయి.

నాన్న అంటు కట్టడం మొదలుపెట్టారు. టెంక మొలిచి రెండు వారాలైన మొక్క, ఆకులింకా రాగిరంగులోనే ఉన్నాయి. తల కోసి, కాండాన్ని నిలువుగా చీల్చి, ఉలి మొనలా చెక్కిన బంగినపల్లి పుల్లను అందులో దించి ప్లాస్టిక్ రిబ్బన్ చుట్టారు. ‘‘బెరడు కిందున్న పచ్చిపొరలు రెండూ కలవాలి. అది తప్పిందా, పుల్ల ఎండిపోద్ది’’ అన్నారు.

నాకు కావాల్సింది ఆ పొరే. బడిలో మనం విభాజ్య కణజాలం అని బట్టీ పట్టింది దాన్నే. చెట్టు ఉన్నన్నాళ్లూ అక్కడ కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి. కోసినచోట ముందు మెత్తటి కణాల ముద్ద పుడుతుంది. తర్వాత నీళ్లు మోసే దారువు, ఆహారం మోసే పోషక కణజాలం ఏర్పడి రెండు మొక్కలూ ఒకటైపోతాయి. మనకు చర్మం, కండ, నరం... దేని పని దానిదే. వాటిని కలిపి కొత్త కొమ్మలా మొలిపించే పొర లేదు. కిడ్నీ నాళాలను సర్జన్ కుట్టాల్సిందే.

‘‘ఇంకో తేడా ఉంది నాన్నా. మొక్కలో ప్రతి కణం చుట్టూ గట్టి గోడ. కదల్లేదు. మన ఒంట్లో తెల్లకణాలు రక్తంతోపాటు తిరుగుతూ కాపలా కాస్తాయి. కణాల మీది గుర్తులు చూసి, పరాయిదైతే దాడి చేస్తాయి.’’

రెండో ప్రపంచయుద్ధంలో కాలిన గాయాలకు ఇతరుల చర్మం ఎందుకు నిలవడం లేదో వెతుకుతూ పీటర్ మెడావర్ ఈ గుట్టు పట్టుకున్నారు. 1960లో నోబెల్ అందుకున్నారు. 1954లో బోస్టన్‌లో విజయవంతమైన తొలి కిడ్నీ మార్పిడి జరిగింది అచ్చుగుద్దిన కవలల మధ్య. ఇద్దరి గుర్తులూ ఒకటే మరి!

నాన్న కాసేపు మాట్లాడలేదు. ‘‘అంటే, నలభై ఏళ్లు కాపురం చేశాక కూడా మీ అమ్మ నాకు పరాయిదేనా?’’

‘‘నీకు కాదు, నీ తెల్లకణాలకు. వాటిని అదుపులో పెట్టేవే ఆ మాత్రలు.’’

ఆయన వంగి, పోయినేడు కట్టిన అంటు మొదట్లో కొత్తగా వచ్చిన చిగురును గిల్లేశారు. అది టెంకమొక్క చిగురు. వదిలేస్తే బలమంతా అదే లాక్కుని పైనున్న అంటును చంపేస్తుంది. ‘‘చిగురు కనిపించినప్పుడల్లా గిల్లుతుండాలి. నీ మాత్రలూ ఇలాంటివే అన్నమాట’’ అన్నారు.

మర్నాడే రక్తపరీక్ష చేయించాం. అదృష్టం, క్రియాటినిన్ పెరగలేదు.

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి నాన్న ఫోన్ చేస్తారు. ఒకటే మాట.

‘‘చిగురు గిల్లేశానమ్మాయ్.’’