అడిగింది ఒకటి, వచ్చినవి రెండు

ముందుమాట చదివి సమీక్ష రాసేసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. ఆ మాట ఎక్కడపడితే అక్కడ అంటూనే ఉంటాను. అలాంటి నేను ఒక మాన్యువల్‌ని సరిగ్గా అలాగే చదివాను. దానివల్ల మా టీమ్‌లో ఒకమ్మాయి మూడు వారాల పని పోయింది. తిట్లు కూడా ఆ అమ్మాయే తింది.

మేం రోజంతా వాడేది జెడ్‌షెల్. తెర మీద కమాండ్ టైప్ చేస్తే అందుకుని పని జరిపించే ప్రోగ్రాం అన్నమాట. 1990లో పాల్ ఫాల్‌స్టాడ్ ప్రిన్స్‌టన్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు రాశాడు. అక్కడ టీచింగ్ అసిస్టెంట్‌గా ఉన్న ఝోంగ్ షావో లాగిన్ పేరు బాగుందనిపించి దీనికి పెట్టేశాడట. 2019లో వచ్చిన కాటలీనా నుంచి మాక్‌లో ఇదే డిఫాల్ట్ షెల్.

ఈ షెల్ తన సామానంతా మొదట్నించీ బయట పరుచుకుని కూర్చోదు. చాలా భాగం మాడ్యూల్స్‌లో ఉంటుంది. 'జెడ్‌మాడ్‌లోడ్' అని మాడ్యూల్ పేరు చెబితే తెచ్చుకుంటుంది. ఒక్కో మాడ్యూల్‌లో కొన్ని ఫీచర్లు: కొత్త కమాండ్లు, షరతులు, వేరియబుల్స్, లెక్కల ఫంక్షన్లు. ఉత్త పేరు చెప్పి లోడ్ చేస్తే ఇవన్నీ కట్టగట్టుకుని వచ్చేస్తాయి. ఆ 'అన్నీ' దగ్గరే నేను దెబ్బతిన్నాను.

టీమంతా వాడే సెట్టింగ్స్ ఫైల్లో నేనెప్పుడో రాసిన ఫంక్షన్ ఒకటుంది. టెస్ట్ ఫలితాల ఫోల్డర్లో ఖాళీ ఫైళ్ళు వెతికి చెరిపేస్తుంది. సైజు కనుక్కోడానికి 'స్టాట్' అనే సిస్టమ్ కమాండ్‌ని పిలుస్తుంది. ఏడాదిపాటు బాగానే నడిచింది. తర్వాత వేరే పని కోసం జెడ్‌షెల్ వాళ్ళ స్టాట్ మాడ్యూల్ కావాల్సొచ్చింది. ఫైలుకొకసారి బయటి ప్రోగ్రాంని లేపక్కర్లేదు, షెల్ లోపలే పనైపోతుంది, వేగం. మాన్యువల్లో మొదటి నాలుగు లైన్లు చూసి, అదే ఫైల్లో లోడ్ చేసే లైను చేర్చేశాను.

ఆ మాడ్యూల్ ఒకే కమాండ్‌ని రెండు పేర్లతో ఇస్తుంది: 'జెడ్‌స్టాట్', 'స్టాట్'. ఒకే పేరుతో లోపలొకటీ బయటొకటీ ఉంటే షెల్ లోపలిదాన్నే పిలుస్తుంది. లోపలి స్టాట్‌కి నా ఫంక్షన్ ఇచ్చే ఆప్షన్ అర్థం కాదు. ఎర్రర్ ఇచ్చింది. ఆ ఎర్రర్లు తెర మీద చిందరవందరగా కనబడుతున్నాయని వాటిని కనబడకుండా చేసిన మహానుభావుణ్ణి కూడా నేనే. సైజు ఉండాల్సిన చోట ఏమీ లేదు. జెడ్‌షెల్ లెక్కల్లో 'ఏమీ లేదు' అంటే సున్నా. సున్నా అంటే ఖాళీ ఫైలు. ప్రతి ఫైలూ ఖాళీయే, ప్రతిదీ పోయింది.

ఎప్పుడైనా మళ్ళీ తెచ్చుకోవచ్చులే అని ఆ ఫోల్డర్‌కి బ్యాకప్ పెట్టలేదు. తెచ్చుకోవాలంటే ఆ అమ్మాయి టెస్టులన్నీ మళ్ళీ మొదట్నించీ నడపాలి. ఆమె కన్ఫర్మేషన్ కూడా ఆ నెలలోనే.

"అన్నా, నేను మీ ఫంక్షనే రన్ చేశాను, ఇంకేం కొట్టలేదు" అంది. అదే కోడ్‌ని స్క్రిప్టు ఫైల్లో పెట్టి నడిపి చూశాను. శుభ్రంగా పనిచేసింది! స్క్రిప్టులు ఆ సెట్టింగ్స్ ఫైలుని చదవవని నాకు తెలుసు, ఆ క్షణంలో గుర్తురాలేదు. "చూసుకుని కొట్టాలి కదమ్మా" అని పదిమంది ఉన్న మీటింగులో అన్నాను. తను తలొంచుకుని నోట్స్ రాసుకుంది. ఆ రాసుకోవడం ఇప్పటికీ కళ్ళ ముందుంది.

రెండు రోజుల తర్వాత లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. స్టాట్ అనే పేరుతో ఎన్ని ఉన్నాయో చెప్పమని షెల్‌నే అడిగింది. తెర మీద రెండు లైన్లు. పైది బిల్టిన్, కిందది అసలుది. "ఇది ఎక్కణ్ణించి వచ్చిందన్నా?" అంది. ఎక్కణ్ణించో చెప్పడానికి నాకు కాసేపు నోరు పెగల్లేదు.

ఆ రాత్రి మాన్యువల్‌లో ఆ భాగం పూర్తిగా చదివాను. స్టాట్ అనే పేరుతో బయట కమాండ్ ఉండొచ్చు కాబట్టి జెడ్‌స్టాట్ ఒక్కటే తెచ్చుకోమని స్పష్టంగా రాసుంది. జెడ్‌మాడ్‌లోడ్ పక్కన పెద్ద ఎఫ్ ఆప్షన్ పెట్టి, మాడ్యూల్ పేరు తర్వాత కావాల్సిన ఫీచర్ పేరు చెప్పాలి. అప్పుడదొక్కటే వస్తుంది, చెప్పనివి రావు. దానికి చిన్న 'ఎ' కూడా చేర్చితే మాడ్యూల్ అప్పటికప్పుడు లోడవదు, ఆ ఫీచర్‌ని మొదటిసారి పిలిచినప్పుడు తనంతట తనే లోడవుతుంది. అప్పుడూ అడిగిన ఫీచరే ఆన్ అవుతుంది. ఫైల్స్ అనే ఇంకో మాడ్యూల్ ఏకంగా చెరిపేసే, పేరు మార్చే కమాండ్లనే తన సొంతవాటితో కప్పేస్తుంది. అక్కడా వేరే ముందక్షరాలు తగిలించిన పేర్లున్నాయి, అవే తెచ్చుకోవచ్చని ఉంది. రాసినవాళ్ళు ఏమీ దాచలేదు. అయినా ఉత్త పేరు చెబితే అన్నీ రావడం అనే డిఫాల్ట్ నాకు నచ్చదు. బద్ధకస్తుడికి ప్రమాదకరమైన దారే దగ్గరి దారి అయింది.

తర్వాతి వారం అదే మీటింగులో, తప్పు నాదని, ఏ లైనో చూపించి చెప్పాను. తిట్టినప్పుడు పదిమంది ఉన్నారు, చెప్పినప్పుడు ఏడుగురే వచ్చారు. మిగతా ముగ్గురికీ విడిగా మెయిల్ పెట్టాను, మేనేజర్‌కి కూడా. టెస్టులు మళ్ళీ నడపడానికి ఇద్దరం కలిసి రెండు శనివారాలు కూర్చున్నాం. ఆ లైను తనే మార్చింది, ఎర్రర్లు దాచిన చోట దాపరికం తీసేసింది. ఇప్పుడు ఎర్రర్లు తెర మీద చిందరవందరగానే కనబడుతున్నాయి.