ఆపివేయబడింది - ఎవరిచేత?

"పునరావృతంగా ఆపివేయబడుతోంది."

2024 వేసవి చివరిలో నా చేతిఫోను తెరమీద రోజుకు పదిసార్లు ప్రత్యక్షమైన వాక్యమిది. నేను తెలుగు టైపు చేసుకునే కీబోర్డు పేరు ముందుండేది, దాని వెనుక ఈ రెండు మాటలు. ముప్ఫైనాలుగేళ్ళు పిల్లలకు కర్తరి, కర్మణి ప్రయోగాలు బోధించినవాడిని. ఇటువంటి వాక్యం కంటబడితే మనసు వెంటనే అడిగే ప్రశ్న ఒక్కటే: ఎవరిచేత? "రావణుడు రామునిచేత చంపబడెను" అన్నప్పుడు చంపినవాడు తృతీయా విభక్తిలోనైనా కనబడతాడు. ఈ వాక్యంలో ఆ తృతీయ లేదు. ఆగినదేదో తెలుస్తోంది. ఆపినదెవరో తెలియడం లేదు.

చదువరులలో చాలామంది దీన్ని అనువాదదోషంగా తీసిపారేస్తారు. హాయిగా "ఆగిపోయింది" అనక మధ్యలో ఈ "బడు" ఎందుకని విసుక్కుంటారు. తెలుగు నుడికారానికి కర్మణి ప్రయోగం అంతగా ఒదగదన్నది నిజమే. కాని యంత్రధర్మం కాస్త తెలుసుకుంటే, ఈ వాక్యం అక్షరాలా సరైనదని తెలుస్తుంది. ఫోనులోని ప్రతి యాప్ తనకు గిరిగీసిన చోట, ఆండ్రాయిడ్ వ్యవస్థ కనుసన్నలలో నడుస్తుంది. అది తనంత తాను సర్దుకోలేని తప్పటడుగు వేసినప్పుడు, వ్యవస్థ దాన్ని అక్కడితో ముగించి మనకు ఈ సందేశం చూపుతుంది. అంటే ఆపింది వ్యవస్థే. కర్త అదే. కాని ఆపవలసి రావడానికి హేతువు మరొకటి. దొంగ పడ్డాడని కేకవేసిన కావలివాణ్ణే దొంగ అనుకోకూడదు గదా! కర్త వేరు, హేతువు వేరు అన్న ఈ చిన్న భేదం తెలియకపోతే ఎంత శ్రమ వృథా అవుతుందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు నాకు ఆ కీబోర్డుతో అంత అవసరమేమిటో చెప్పాలి. నాకొక అక్కయ్య ఉన్నది. 78 ఏళ్ళు. మా స్వగ్రామంలో, మేమంతా పుట్టిన ఇంట్లోనే ఉంటున్నది. వ్యవసాయం చేసిన ఇల్లు, పాడి ఉన్న ఇల్లు. ఇప్పుడు కల్లం లేదు, గాదె లేదు, తిరగలి ఏ మూలనో బోర్లించి ఉంది. కాని ఆ పనుల మాటలన్నీ ఆమె నోట ఇంకా బతికే ఉన్నాయి. ఊక, చిట్టు, తవుడు, నూక వేరు వేరని మనలో ఎంతమందికి తెలుసు? "నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక" అని ఆమె ఎక్కంలా అప్పగిస్తుంది. సాయంకాలం ఆరింటికి ఫోను చేస్తాను. ఆమె చెబుతూ ఉంటే, స్పీకరు పెట్టుకుని, అదే ఫోనులో రాసుకుంటూ ఉంటాను. అలా 600 పైచిలుకు మాటలు పోగయ్యాయి.

కాగితం లేదా, కలం లేదా అని మీరు అడగవచ్చు. నా కుడిచేతి వేళ్ళకు వణుకు వచ్చి మూడేళ్ళు దాటింది. మాట వెంట పరుగెత్తి రాసినది మరునాటికి నాకే అర్థం కాదు. ధ్వనిముద్రణ చేయవచ్చు గదా అంటారేమో. యంత్రంలో పడుతోందని తెలిస్తే అక్కయ్య ఇక పెదవి విప్పదు. పైగా ఆమె జ్ఞాపకం ఇప్పుడు ఎండాకాలపు చెరువులా ఉన్నది. నిన్న తడుముకోకుండా చెప్పిన మాట ఇవాళ అడిగితే, "ఏమోరా, ఎక్కడో విన్నట్టుంది" అంటుంది. అందువల్ల నా ఫోను ఒక పూట మొరాయిస్తే పోయేది ఒక పూట కాదు, ఆ పూట ఆమె నోటికి వచ్చిన మాట.

ఆ వేసవిలో ఫోనుకు ఆండ్రాయిడ్ కొత్త సంచిక వచ్చి చేరింది. మరునాటి నుంచే పైన చెప్పిన వాక్యం మొదలైంది. రెండక్షరాలు కొట్టేసరికి కీబోర్డు మాయం, సందేశం ప్రత్యక్షం. మా వీధి చివర దుకాణంలో చూపించాను. అక్కడి కుర్రవాడు నిమిషమైనా చూడకుండానే తేల్చేశాడు.

"సాఫ్ట్‌వేర్ పాడైందండి మాస్టారూ. ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేస్తే కొత్త ఫోనులా అయిపోద్ది."

"అందులో నా రాతలున్నాయి నాయనా."

"బ్యాకప్ ఉంటదండి. అన్నీ మళ్ళీ వచ్చేస్తాయి."

నా రాతలకు నకలు విడిగా తీసుకుని, ఆ తరువాతే ఫోను అతని చేతిలో పెట్టాను. గంటన్నర పట్టింది. అన్నీ వచ్చాయి. పాత యాప్‌లు వచ్చాయి, పాత చిత్రాలు వచ్చాయి, కీబోర్డు వచ్చింది. అతనే దాన్ని మునుపటిలాగా అమర్చి ఇచ్చాడు. సాయంకాలం అక్కయ్య పొలంలోకి నీళ్ళు తోడే గూడ గురించి, దాన్ని ఇద్దరూ చెరొక పక్కన నిలబడి ఎలా పట్టుకోవాలో చెబుతోంది. "రాసుకున్నావట్రా?" అని అడిగింది. తెరమీద మళ్ళీ అదే వాక్యం.

మర్నాడు ఆ కుర్రవాడు రెండవ మార్గం చెప్పాడు: మరొకసారి రీసెట్. అదీ పనిచేయకపోతే బోర్డు పోయినట్టేనట, కొత్త ఫోను కొనుక్కోవాలట. ఒకసారి చేస్తే పోని జబ్బు అదే మందు రెండోసారి వేస్తే పోతుందనడం నా తర్కానికి ఎక్కలేదు. ఫోను జేబులో వేసుకుని ఇంటికి వచ్చేశాను.

ఫ్యాక్టరీ రీసెట్ అన్న పేరులోనే ఒక భ్రమ ఉన్నది. కర్మాగారం గడప దాటిననాటి స్థితికి ఫోను పూర్తిగా వెళ్ళిపోతుందని వినేవారికి తోస్తుంది. ఫోను నిల్వలో స్థూలంగా రెండు భాగాలుంటాయి. ఒకటి వ్యవస్థ ఉండేది. రెండవది మన యాప్‌లు, చిత్రాలు, రాతలు, అమరికలు ఉండేది. రీసెట్ తుడిచేది రెండవదాన్నే. మొదటి భాగంలోకి అంతకు ముందే వచ్చి చేరిన ఆండ్రాయిడ్ కొత్త సంచిక అలాగే ఉంటుంది, పాతది తిరిగి రాదు. ఫోనుతో పాటే వచ్చిన యాప్‌లకు తరువాత చేరిన మార్పులు తొలగిపోతాయి గాని, ఇంటర్నెట్ తగలగానే అవి మళ్ళీ దిగుతాయి. ఇక బ్యాకప్ నుంచి పాతవన్నీ తెచ్చుకుంటే, తుడిచిన రెండవ భాగం కూడా ఇంచుమించు మునుపటిలాగే తయారవుతుంది.

మన పెద్దలు జన్మాంతర వాసనలని చెప్పేవారు. దేహం మారినా సంచితం వెంట వస్తుందని. బ్యాకప్ సరిగ్గా అటువంటిదే. ప్రళయం వచ్చి అంతా తుడిచిపెట్టుకుపోయినా, ఏ మూట వల్ల జబ్బు వచ్చిందో ఆ మూటనే కొత్త జన్మకు భద్రంగా మోసుకువస్తే, "పునరావృతంగా" గాక మరెలా ఉంటుంది?

ఇక వెదకవలసింది హేతువును. నా దగ్గర ఉన్న పనిముట్టు పాతది. అన్నంభట్టు తర్కసంగ్రహం చదివిన వారికి అన్వయ వ్యతిరేకాలు తెలుసు. ఇది ఉంటే అది ఉండటం అన్వయం. ఇది లేకుంటే అది లేకపోవడం వ్యతిరేకం. ఈ రెండూ కుదిరితేనే ఒకదానికి మరొకటి కారణమని అనవచ్చు.

మొదట సందేశాన్ని పూర్తిగా చదివి, ఏ యాప్ పేరు ఉన్నదో, ఎన్ని గంటలకు వచ్చిందో, ఆ క్షణంలో నేనేం చేస్తున్నానో రెండు రోజులు గుర్తుపెట్టుకున్నాను. ప్రతిసారీ అదే కీబోర్డు పేరు. తరువాత ఫోను ఆపి మళ్ళీ వెలిగించాను. ఫలితం లేదు. సెట్టింగులలో యాప్‌ల జాబితాకు వెళ్ళి ఆ కీబోర్డు "కాష్" తుడిచాను. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. కాష్ అంటే యాప్ తన సౌకర్యం కోసం తాత్కాలికంగా దాచుకున్న సరుకు. అది పోయినా మనకు నష్టం లేదు. దాని పక్కనే డేటా లేక స్టోరేజీ తుడిచే మీట ఉంటుంది. అది నొక్కితే ఆ యాప్‌లో మనం చేసుకున్న అమరికలూ, దాచుకున్నవీ పోతాయి. రెండూ పక్కపక్కనే ఉంటాయి కనుక చదివి నొక్కాలి. కాష్ తుడిచినా నా సమస్య తీరలేదు.

అప్పుడు "సేఫ్ మోడ్" పరీక్ష చేశాను. పవర్ మీట నొక్కి పట్టుకుంటే ఫోను ఆపే గుర్తు వస్తుంది. చాలా ఫోనులలో ఆ గుర్తునే మళ్ళీ కాసేపు నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళాలా అని అడుగుతుంది. ఆ స్థితిలో ఫోనుతో పాటు వచ్చిన యాప్‌లు మాత్రమే పనిచేస్తాయి. మనం దించుకున్నవన్నీ నిద్రలో ఉంటాయి, చెరిగిపోవు. మామూలుగా ఫోను ఆపి వెలిగిస్తే మళ్ళీ మేలుకుంటాయి. సేఫ్ మోడ్‌లో నా పాత కీబోర్డు స్థానంలో ఫోను సొంత కీబోర్డు వచ్చింది. గంటసేపు రాశాను. ఒక్కసారీ సందేశం రాలేదు. మామూలు స్థితికి వచ్చి పాత కీబోర్డుతో రాశాను. రెండు నిమిషాలలో వచ్చింది. మూడు రోజులు ఇలా మార్చి మార్చి చూశాను. అన్వయమూ కుదిరింది, వ్యతిరేకమూ కుదిరింది.

ప్లే స్టోరులో ఆ కీబోర్డు వివరాలు తెరిచి చూస్తే సంగతి తేటపడింది. దాన్ని తయారుచేసినవారు చివరిసారి సవరించి ఆరేళ్ళయింది. వారు తమ పని మానుకున్నారు, వ్యవస్థ మాత్రం ఏటేటా కొత్త నియమాలు పెట్టుకుంటూ వచ్చింది. పాత నియమాల ప్రకారం నడిచే ఆ యాప్ కొత్త సంచికలో అడుగు తడబడింది. వ్యవస్థ ఆపివేసింది. బోర్డు పోలేదు, ఫోను పాడవలేదు. కీబోర్డును తొలగించాను, సందేశం దానితోనే పోయింది.

అయితే సందేశంలో పేరున్న యాప్‌నే ప్రతిసారీ దోషి అనుకోకూడదు. 2021 మార్చి 22, 23 తేదీలలో ప్రపంచమంతటా ఎందరో ఆండ్రాయిడ్ వాడుకదార్లకు ఈమెయిలు మొదలుకొని అనేక యాప్‌లు తెరవగానే మూతబడ్డాయి. సందేశాలలో ఆయా యాప్‌ల పేర్లే కనిపించాయి. అసలు చిక్కు వాటిలో లేదు. యాప్‌ల లోపల వెబ్ పుటలను చూపే "ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ" అనే అంతర్భాగంలో ఉన్నది. దానికి సవరణ వచ్చేదాకా, వెబ్‌వ్యూకు కొత్తగా చేరిన మార్పును తొలగించి పలువురు గట్టెక్కారు. అటువంటి వేళ ఫోను మొత్తం తుడిచేసుకున్నవారికి శ్రమ తప్ప ఏం దక్కుతుంది? ఒకే యాప్ పడిపోతే ఆ యాప్‌ను అనుమానించాలి. పొంతనలేని పది యాప్‌లు ఒకే రోజున పడిపోతే, వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న దాన్ని వెదకాలి.

పాత కీబోర్డు పోయినందుకు కొంత దిగులు కలగకపోలేదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి అది, వేళ్ళకు బాగా అలవాటైపోయింది. ఇప్పుడు అచ్చులు ఎడమవైపు, హల్లులు కుడివైపు ఉండే ఇన్‌స్క్రిప్ట్ పలక వాడుతున్నాను. ఓనమాలు మళ్ళీ దిద్దినట్టే ఉంది. పాత కీబోర్డుతో రాసిన 600 మాటలూ మాత్రం ఒక్క గుణింతం చెడకుండా ఉన్నాయి. అవన్నీ యూనికోడ్‌లో ఉండటమే కారణం. 1991లో వచ్చిన తొలి సంచిక నుంచీ యూనికోడ్‌లో తెలుగు ఉన్నది. మన లిపికి అందులో 128 స్థానాలు కేటాయించారు. ఏ మీటతో రాసినా "క" అన్నది ఒకే సంఖ్యగా నిలుస్తుంది. వెనుకటి డీటీపీ రోజుల్లో ఒక ఫాంటులో కూర్చినది ఆ ఫాంటు లేకపోతే పిచ్చిగీతలయ్యేది. ఆ బెడద ఇప్పుడు లేదు. రాసే పనిముట్టు పోయినా రాత పోదు.

నా ఈడు మిత్రులకు రెండు మాటలు. ఎవరైనా రీసెట్ అనగానే తలూపకండి, అది చిట్టచివరి మందు. తప్పదనుకుంటే ముందుగా మీ రాతలకు, చిత్రాలకు వేరొకచోట నకలు తీసుకోండి. ఫోనులో ఉన్న గూగుల్ ఖాతా పేరు, సంకేతపదం గుర్తున్నాయో లేదో సరిచూసుకోండి. 2015 నుంచి ఆండ్రాయిడ్‌లో దొంగల బెడదకు ఒక కాపుదల ఉన్నది. మీటలు నొక్కిపట్టి బయటినుంచి రీసెట్ చేస్తే, పాత ఖాతా వివరాలు చెప్పందే ఫోను తెరుచుకోదు. సొంత ఫోను ముందు మనమే దొంగలమై నిలబడవలసి వస్తుంది. రీసెట్ తరువాత బ్యాకప్ మూట ఒక్కసారిగా విప్పకండి. ముందు ఖాళీ ఫోనుతో ఒక రోజు గడపండి. తరువాత యాప్‌లను ఒక్కొక్కటిగా తెచ్చుకోండి. దేని వెనుక సందేశం వచ్చిందో అప్పుడు ఇట్టే తెలుస్తుంది.

ఈ గొడవలో పన్నెండు సాయంకాలాలు గడిచిపోయాయి. ఆ పన్నెండింటిలో అక్కయ్య ఏమేమి చెప్పిందో కొంత నాకు గుర్తున్నది, కొంత లేదు. గూడకు కట్టే తాళ్ళలో పై తాడుకు ఒక పేరు, కింది తాడుకు ఒక పేరు చెప్పింది. మొన్న మళ్ళీ అడిగాను. చాలాసేపు ఆలోచించి, "నీకు చెప్పాను గదరా, నువ్వే చూసి చెప్పు" అన్నది. మీ ఊళ్ళలో గూడ వేసిన పెద్దలెవరైనా ఉంటే ఆ రెండు తాళ్ళ పేర్లూ అడిగి తెలియజేయండి. ఆమెకు చదివి వినిపిస్తాను.