మందుచీటీలోని విభక్తి

మా కాపురము నెల్లూరునకు తూర్పున, మైపాడు దారిలో, రాత్రివేళ సముద్రపు హోరు వినవచ్చునంత దూరమున నున్న యొక పల్లెలో. మా వారు బడిపంతులు. పిల్లలకు ఇంగ్లీషు చెప్పుదురు. నేను బడి మెట్లెక్కి యెరుగను. మా తండ్రిగారు ఇంటనే నాకు అమరము, శబ్దమంజరి, చిన్నయసూరి బాలవ్యాకరణము, భారత పర్వములు చెప్పిరి. తిక్కన సోమయాజి మెలగిన సీమలో పుట్టి భారతము చదువనేర్చితిని గదా, ఇక నాకు కొదువ యేమి యని కొంత గర్వము కూడ నుండెడిది. ఆ గర్వమును ఒక మందుచీటీ అణచినది. ఆ కథయు, దానివలన నేను నేర్చుకొన్న నాలుగు సంగతులును సోదరీమణులకు విన్నవింపగోరెదను.

నిరుడు వేసవిలో మా యత్తగారికి మోకాళ్ల నొప్పులు హెచ్చినవి. వైద్యుడు మాత్రలిచ్చి చీటీపై ఇంగ్లీషున వ్రాసెను. మా వారు అప్పుడు ఉపాధ్యాయుల శిక్షణకై దూరపుటూరు పోయి పది దినములుండిరి. అక్షరములు కూడబలుకుకొనుట నాకు వచ్చును. నిఘంటువు చూచుటయు వచ్చును. చీటీలో “ఆఫ్టర్ ఫుడ్” అని యున్నది. ఆఫ్టర్ అనగా తరువాత. ఫుడ్ అనగా అన్నము. మొదట మాత్ర, తరువాత అన్నము కాబోలు ననుకొంటిని. ఫోనులో మా వారి నడుగవచ్చును. కాని పండితుని కూతురను, రెండు మాటలకు మగని నడుగుటయా యని అభిమానము అడ్డు వచ్చినది. ప్రతి యుదయము పరగడుపున మాత్ర మ్రింగించి, పిదప అన్నము పెట్టుచుంటిని.

నాలుగవనాటికి ఆమెకు కడుపులో మంట పుట్టినది. ఏడవనాటికి మెతుకు దిగలేదు. “వయసు మీదపడినది లేవే, నీవేమి చేయుదువు” అని ఆమెయే నన్నోదార్చినది. మా వారు వచ్చి, చీటీ చూచి, నేను మాత్ర యిచ్చు వేళ విని, “ఇది అన్నము తరువాత గదా!” అనిరి. నేను తలయెత్తలేకపోతిని. మరల వైద్యుని కడకు పోయి, మందు మార్పించి, ఆమె కుదుటపడునప్పటికి రెండు వారములు పట్టినది.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. రెండు మాటల యర్థమును సరిగానే తెలిసికొంటిని గదా, తప్పెట్లు వచ్చినది? తెల్లవారుజామున తోచినది. మన భాషలో విభక్తి నామమునకు వెనుక నడచును: ఇంటిలో, ఊరికి, అన్నము తరువాత. ఇంగ్లీషున అది నామమునకు ముందు నడచును: ఇన్ ది హౌస్, టు ది విలేజ్, ఆఫ్టర్ ఫుడ్. నేను వారి మాటలను మన వరుసలో చదివితిని. దాని ఫలమును పాపము మా యత్తగారు అనుభవించినది.

మరునాడు మా వారిని ఇంగ్లీషు చెప్పుడని కోరితిని. వారు చిన్నపిల్లల బొమ్మల వాచకము తెచ్చిరి. “నాకు బొమ్మలు వలదు, మన వ్యాకరణము ప్రక్కన నుంచి, ఎక్కడ కలియునో ఎక్కడ విడునో చెప్పుడు” అంటిని. ఇది క్రొత్త త్రోవ కాదు. తెలుగు నేర్వవచ్చిన ఇంగ్లీషువారును వ్యాకరణమునే పట్టుకొనిరి. కేంబెలు దొర 1816లోను, బ్రౌను దొర 1840లోను తమ భాషలో తెలుగు వ్యాకరణములు ప్రకటించిరి. వారు నడచిన దారినే మనము ఎదురు నడువరాదా?

మొదటి పాఠము వాక్యక్రమము. మనకు కర్త, కర్మ, క్రియ. వారికి కర్త, క్రియ, కర్మ. “రాముడు రావణుని చంపెను” అనినను, “రావణుని రాముడు చంపెను” అనినను మనకు చచ్చినవాడు రావణుడే. “ని” వర్ణకము కాపాడును. ఇంగ్లీషున “రామ కిల్డ్ రావణ” అనుటకు మారుగా పేర్లు తారుమారు చేసితిమా, రామాయణమే తలక్రిందులగును! అక్కడ పదముండు చోటే విభక్తి.

రెండవది, కర్తను విడువరాదు. మనము “వచ్చితిని” అన్న చాలును. “నేను” అనునది క్రియలోనే యున్నది. స్పెయిను దేశపు భాష మాట్లాడువారికిని ఇట్టి యలవాటే కలదు; వారును తొలుత ఇంగ్లీషు నేర్చునపుడు మనవలెనే కర్తను మ్రింగుదురట. ఇంగ్లీషున “ఐ” అని చెప్పియే తీరవలెను. వాన కురియుచున్నదనుటకు కూడ “ఇట్” అని యొక ఉత్తకర్తను నిలుపవలెను. అట్లే “మా వారు ఉపాధ్యాయులు” అని మనము క్రియ లేకయే ముగింతుము. వారు “ఈజ్” అనక ముగింపరు.

మూడవది నాకు మిక్కిలి ముచ్చట గొలిపినది. ఒక వస్తువును చెప్పుటకు “ఎ బుక్” అందురు. అచ్చు ముందున్నచో “ఆన్ ఎగ్” అందురు. సంస్కృతమున ధర్మమునకు అధర్మము, ఆదికి అనాది యగుట లేదా? అర్థము వేరైనను పలుకుబడి యొక్కటే: హల్లు ముందు నకారము లేదు, అచ్చు ముందు కలదు. వ్రాతను గాక పలుకును చూడవలెను; “ఆవర్” అను మాటకు వ్రాతలో హకారమున్నను పలుకుట అచ్చుతోనే గనుక “ఆన్ ఆవర్” అందురు.

నాలుగవది సర్వనామములు. మేము, మనము రెంటికిని వారికి “వియ్” ఒక్కటే. నీవు, మీరు రెంటికిని “యూ” ఒక్కటే. పిల్లి నదలించు మాటతోనే మా వారిని పిలుచుటకు నాకు నోరు రాక, వారము దినములు ఆ పాఠము దాటవేసితిని. కాని యొక మేలును చూచితిని. మనకు “ఆమె వచ్చినది”, “ఆవు వచ్చినది” అని క్రియ యొక్కటే. స్త్రీకి మహత్తు బహువచనమున గాని రాదు. ఇంగ్లీషున ఒక్కతె యైనను “షీ” అని వేరు మాట గలదు.

బడికి పోక యింటనే చదువుకొన్న పొణకా కనకమ్మగారు 1923లో నెల్లూరిలో కస్తూరిదేవి విద్యాలయమును స్థాపించిరి. అంతటి వారి మాట యటుండ, మన వంటివారము మన యింటివారి మందుచీటీనైన చదువుకొనవలదా? తెలుగు వ్యాకరణము కొంచెమైన తెలిసిన వారికి ఇంగ్లీషు పరాయిది కాదు. చీటీలో “బిఫోర్” గాని “ఆఫ్టర్” గాని కనబడినచో, దాని కుడిప్రక్క మాటను ముందుగా చదివి, పిదప దానిని చదువుడు. అప్పటికిని సందేహమున్నచో అడుగుటకు సిగ్గుపడకుడు; నా సిగ్గు ఏమి చేసినదో చెప్పితిని గదా.

ఇప్పుడు మధ్యాహ్నవేళ మా వీధి స్త్రీలు నలుగురైదుగురు చీటీలును, రొయ్యల మేత సంచులపై వ్రాతలును తెచ్చి నా యరుగుపై కూర్చుందురు. మా యత్తగారు మాత్రము నేను మాత్ర చేతికిచ్చినపుడెల్ల, “ఏమే, ఇది ముందుదా, తరువాతిదా?” అని యడుగును. అన్నము వడ్డించిన పిదపనే బదులు చెప్పుదును.