పెట్టె సర్దేముందు ఫోను సంగతి

అమెరికా ప్రయాణం పెట్టుకున్న ఇంట్లో నెల ముందునుంచే హడావుడి మొదలవుతుంది కదండీ. కూతురి పురుడనో, కొడుకు గృహప్రవేశమనో బయల్దేరే అమ్మానాన్నలు మన భిలాయ్ సెక్టార్లలో ఏడాది పొడుగునా కనిపిస్తూనే ఉంటారు. ఆవకాయ కారకుండా ఎన్ని కవర్లు చుట్టాలి, బీపీ మాత్రలు ఆర్నెల్లకి సరిపడా తీసుకోనిస్తారా, పెట్టె 23 కిలోలు దాటితే ఏమంటారు, అన్నీ అడుగుతారు. ఫోను గురించి మాత్రం ఎవరూ అడగరు. చేతిలో ఉంది, బాగానే పనిచేస్తోంది, అక్కడికెళ్లాక సిమ్ము మార్చుకుంటే చాలనుకుంటారు. అది చాలదు. అందుకే ఇవాళ ఈ కబురు ఎత్తుకున్నాను.

మనది పట్టాల ఊరు కాబట్టి పట్టాల భాషలోనే చెబుతాను. మన ఉక్కు ప్లాంటులో తయారయ్యే రైలు పట్టా ఎంత గట్టిదైనా, మన బండి నడిచేది 1676 మిల్లీమీటర్ల వెడల్పు మీద. ప్లాంటు కట్టడానికి సాయపడ్డ రష్యావాళ్ల వెడల్పు 1520, అమెరికాది 1435. మన రైలు పెట్టెని తీసుకెళ్లి అక్కడి పట్టాల మీద పెడితే కదలదు. ఫోనుకీ అంతే. గాలిలో దానికీ గేజులున్నాయి, వాటినే బ్యాండ్లు అంటాం. ఏ దేశంలో ఏ బ్యాండు వాడాలన్నది అక్కడి ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

అందరూ ఒకే బ్యాండు ఎందుకు పెట్టుకోలేదంటే, ఎవరి చరిత్ర వారిది. అమెరికాలో 1983లో సెల్‌ఫోన్లు మొదలైనప్పుడు, అంతకుముందు టీవీ చానళ్లకి కేటాయించి ఉన్న 800 మెగాహెర్ట్జ్ ప్రాంతాన్ని వాటికిచ్చారు. యూరప్ 900 ఎంచుకుంది. 1995 జూలై 31న కలకత్తాలో ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మన దేశపు తొలి మొబైల్ కాల్ మాట్లాడేనాటికి, మనం యూరప్ బాట పట్టేశాం. అలా మనకి 900, 1800. వాళ్లకి 850, 1900. మన పాత బటన్ల ఫోన్లు చాలావరకు మొదటి జత మాత్రమే తెలిసినవి, అమెరికాలో దిగగానే మూగబోయేవి అందుకే.

4జీ వచ్చాక చిక్కు తగ్గాల్సింది, ఇంకా పెరిగింది. మన దేశంలో 4జీ ఎక్కువగా నడిచేది 1, 3, 5, 8, 40, 41 నంబర్ల బ్యాండ్ల మీద. అమెరికాలో 2, 4, 12, 13, 66, 71. అక్కడి 12, 13, 71 బ్యాండ్లు 600, 700 మెగాహెర్ట్జ్ దగ్గరవి. తక్కువ మెగాహెర్ట్జ్ అంటే పొడుగాటి తరంగం, దూరం పోతుంది, గోడ దాటి ఇంట్లోకి వస్తుంది. మన దగ్గర పదిహేను వేలకి కొన్న ఫోనులో ఈ మూడూ సాధారణంగా ఉండవు. ప్రతి బ్యాండుకీ లోపల విడిగా ఓ ఫిల్టరు ముక్క పెట్టాలి, దానికి ఖర్చు. ఇక్కడ అమ్మే ఫోనులో అమెరికా ముక్క ఎందుకు పెడతారు చెప్పండి? అందుకే ఊరి నడుమ నిండుగా సిగ్నల్ చూపించే ఫోను, ఊరవతల పిల్లలు కట్టుకున్న ఇంట్లో, అదీ లోపలి గదిలో, చేతులెత్తేస్తుంది.

అయితే ఇప్పుడు బ్యాండు కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. నాకు తెలిసిన ఒక పిన్నిగారు డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్లారు. సిమ్ము వేశారు, వాట్సాప్ నడిచింది, వీడియోలో మనవణ్ణి కూడా చూపించారు. "అన్నీ వస్తున్నాయి నాయనా, ఒక్క మామూలు ఫోనే కలవట్లేదు. వాకింగ్‌కి వెళ్తే అల్లుడికి చెప్పే దారి లేదు" అన్నారు. సంగతేమిటంటే, అమెరికాలో మూడు పెద్ద కంపెనీలూ 2022లోనే 3జీ మూసేశాయి. ఇప్పుడు మాట కూడా 4జీ మీదే పోవాలి, దాన్నే వోల్టీ అంటారు. ఫోనులో వోల్టీ ఉన్నంత మాత్రాన సరిపోదు, సిమ్ము ఇచ్చిన కంపెనీ మన మోడల్‌ని ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే ఇంటర్నెట్ వస్తుంది, మాట రాదు.

నాకు నిజంగా భయం వేసేది ఇక్కడే. బీపీ ఉన్న మనిషి ఇంట్లో ఒంటరిగా ఉండి అక్కడి అత్యవసర నంబరు 911 నొక్కితే ఆ కాల్ వెళ్లకపోవచ్చు. ఆస్ట్రేలియాలో దీన్ని ఎంత గట్టిగా పట్టించుకున్నారంటే, 2024 అక్టోబరులో 3జీ మూసినప్పుడు, అత్యవసర కాల్ వెళ్లని ఫోన్లకు సేవలే ఇవ్వొద్దని కంపెనీలకు నిబంధన పెట్టారు. అది సరైన పనేనని నా అభిప్రాయం. పనిచేస్తుందన్న భ్రమ కంటే పనిచెయ్యదని ముందే తెలియడం మేలు.

గల్ఫ్ వెళ్లేవాళ్లకి బ్యాండ్ల బాధ ఇంత లేదు, వాళ్లవీ మనవీ చాలా బ్యాండ్లు ఒకటే.

ఎదురు ప్రయాణంలో, అంటే పిల్లలు అక్కణ్ణుంచి తెచ్చే ఫోన్లకీ తిప్పలున్నాయి. 2014 నాటి ఐఫోన్ 6 వెనక సన్నటి అక్షరాల్లో ఎ1549 అని ఉంటే అందులో మన 40వ బ్యాండు లేదు, ఎ1586 అని ఉంటే ఉంది. పేరు ఒకటే, రంగూ ఒకటే! ఇప్పటి ఐఫోన్లలో బ్యాండ్ల బెంగ లేదు గానీ, ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ము పెట్టే ట్రేయే లేదు, ఇ-సిమ్ మాత్రమే. వాయిదాల మీద కొన్న ఫోనైతే కంపెనీ తాళం కూడా ఉండొచ్చు. అది తీయించకుండా తెస్తే మన సిమ్ము ఏదీ ఎక్కదు.

ఇంకొక్క మాట. అక్కడి సిమ్ము కోసం ఇక్కడి సిమ్ము తీసి ఎక్కడో పెట్టెయ్యకండి. పెన్షన్ బ్యాంకు ఓటీపీ వచ్చేది దానికే. బయల్దేరే ముందే అంతర్జాతీయ రోమింగ్ పెట్టించుకుని, రెండు సిమ్ముల ఫోనులో రెండో గదిలో ఉంచండి. రీచార్జి గడువు ఎప్పటిదాకా ఉందో కూడా చూసుకోండి.

కాబట్టి టికెట్టు కొన్న రోజే సెట్టింగ్స్‌లో 'ఎబౌట్ ఫోన్' తెరిచి, మోడల్ నంబరు ఫొటో తీసి పిల్లలకి పంపండి. అక్కడి కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొట్టి చూడమనండి. కుదరదంటే అక్కడే ఓ చవక ఫోను కొనిపెట్టమనండి, మొహమాటపడకండి. దిగిన రోజునే వైఫై, మొబైల్ డేటా రెండూ ఆపేసి, పక్క గదిలో ఉన్న అబ్బాయికి మామూలు కాల్ ఒకటి చేసి చూడండి. మోగకపోతే ఆ సాయంత్రమే వేరే ఫోను తెప్పించుకోండి.