మా యింటి పాత కంప్యూటరు

మా యాగంటి క్షేత్రమున ఉమామహేశ్వరుని ఆలయమందలి బసవన్న నానాటికి పెరుగుచున్నాడని పెద్దలు చెప్పుదురు. పూర్వము ఆయన చుట్టును ప్రదక్షిణము చేయుటకు వీలుండెడిదనియు, రానురాను చోటు చాలక యొక స్తంభమును తొలగింపవలసి వచ్చెననియు మా అత్తగారు తమ అత్తగారి నోట వినిరట. బసవన్న పెరుగును గాని మండపము పెరుగదు గదా! 2025 వేసవిలో మా యింటి కంప్యూటరు ముందు కూర్చుండినప్పుడెల్ల మాకీ మాటయే తలపునకు వచ్చుచుండెను. దానిచే చేయింపవలసిన పనులు ఏటేట పెరిగినవి. పెట్టె మాత్రము 2012 నాటిదే.

మావారు సమీప గ్రామపు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. ప్రశ్నపత్రములు, మార్కుల పట్టికలు అన్నియు ఆ కంప్యూటరునందే సిద్ధపరతురు. మా అమ్మాయి ఆ వేసవి సెలవులలో పైథాన్ అను ప్రోగ్రామింగు భాషను నేర్చుకొనవలెనని యుబలాటపడినది. తెరపై నొక ప్రక్క దృశ్యపాఠము నడువవలెను. రెండవ ప్రక్క తాను వ్రాయవలెను. రెండును ఒక్కసారి సాగినవి కావు. మాట వినబడునప్పుడు బొమ్మ నిలిచిపోవును. బొమ్మ కదలునప్పటికి మాట తెగిపోవును. ఉదయమున మీట నొక్కి, పొయ్యిపై పాలు పెట్టి, కాఫీ కలిపి యందరికి నిచ్చి వచ్చినను తెర యింకను సిద్ధమగుచునే యుండెడిది. పిల్ల కన్నీరు పెట్టుకొనుటయు, మావారు విసుగుకొనుటయు నిత్యకృత్యములైనవి.

నంద్యాలలో నొక దుకాణదారు నడుగగా, "పాతదాని మీద పైసా కూడా పెట్టకండమ్మా, కొత్తది తీసుకోండి" అని 34 వేల రూపాయల లెక్క వ్రాసి యిచ్చెను. చీటీ పాడిన సొమ్ము 35 వేలు మా యింట నుండినమాట నిజమే. కాని యది అత్తగారి కంటి శస్త్రచికిత్సకై యుంచినది. ఆమెకు రెండు కన్నులందును శుక్లములు ముదిరినవి. బియ్యములోని రాళ్ళను చూచి గాక, చేతితో తడవి యేరుచుండెడివారు. దుకాణపు లెక్క విని యామె, "నా కళ్ళకేం తొందరమ్మా? చూడవలసినవన్నీ చూసినదాన్నే. పిల్ల చదువు ఆగకూడదు" అనిరి. ఆ మాటలో నిష్ఠురము లేదు. అందుచేతనే అది మా మనస్సున గాఢముగ నాటుకొన్నది. సొమ్ము ఒక్కటి, అవసరములు రెండు. అడుగని వారి అవసరమే వెనుకబడుట మన యిండ్లలో వాడుక. ఈసారి అట్లు జరుగనీయరాదని నిశ్చయించుకొంటిమి.

సోదరీమణులారా! మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు యింటనే మాకు అమరకోశమును, ఆంధ్ర మహాభారతమును చెప్పిరి. పద్యము కఠినముగ దోచినప్పుడు వారు, "ముందు పదములు విడదీయుము, పిమ్మట అన్వయము చూడుము, తాత్పర్యము తుదకు చెప్పుము" అనెడివారు. ఈ యంత్రమును గూడ అట్లేల చదువరాదని మాకు దోచెను.

పదవిభాగము చేయగా ముఖ్యమైనవి మూడు తేలినవి. ప్రాసెసరు వంట చేయు చేయి వంటిది. ర్యాము వంటగట్టు వంటిది. చేతికి కావలసినవన్నియు దానిమీద నుండవలెను. హార్డుడిస్కు సామానుగది. గట్టు యిరుకైనచో మాటిమాటికి సామానుగదికి పరుగిడవలెను. అప్పుడు చేయి యెంత చురుకైనదైనను వంట ఆలస్యమగును. కావున జబ్బు ఏ యంగమందున్నదో తెలియక ప్రాసెసరును మార్చుట వ్యర్థము.

విండోస్‌లో కంట్రోలు, షిఫ్టు, ఎస్కేపు మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజరు వచ్చి, ఏ యంగము నూటికి ఎంతపాలు పనిలో నున్నదో చూపును. పది దినములు దానిని చూచి పద్దుల పుస్తకమున వ్రాసికొంటిమి. యంత్రము మేల్కొనునప్పుడు హార్డుడిస్కు నూటికి నూరుపాళ్ళు అలసియున్నది. నాలుగు జీబీల ర్యాము ఎల్లప్పుడు నిండియే యున్నది. దృశ్యపాఠము నడుచునప్పుడు మాత్రము ప్రాసెసరు నూరుపాళ్ళకు చేరుచున్నది. నేటి దృశ్యములను చుట్టిపెట్టు పద్ధతులు కొన్ని 2011 నాటి ప్రాసెసరులోని చిత్రవిభాగమునకు తెలియవు. ఆ విప్పెడి పని యంతయు ప్రాసెసరుపైననే పడుచున్నది. మూడు జబ్బులు, మూడు మందులు.

మొదట హార్డుడిస్కునకు బదులు 1,900 రూపాయలతో ఎస్.ఎస్.డి. కొని పెట్టితిమి. పాత డిస్కును దస్త్రములు దాచుకొనుటకై అట్లే యుంచితిమి. 600 రూపాయలతో పాత డి.డి.ఆర్.3 రకపు ర్యాము మరి నాలుగు జీబీలు చేర్చితిమి. విండోస్ 10కి ఆ యక్టోబరుతో రక్షణ కల్పించుట మానుదురని తెలిసినందున, ఉచితముగ దొరకు లినక్స్‌ను ఎక్కించితిమి. ఇంతమాత్రముననే కాఫీ కాగులోపల తెర సిద్ధమగుట మొదలిడెను. పాఠము మాత్రము ఇంకను తడబడుచునే యుండెను. అప్పుడు ప్రాసెసరు వంతు వచ్చినది.

ప్రాసెసరు ఏదైనను ఏ బోర్డునందైనను కూర్చుండదు. అది కూర్చుండు పీటను సాకెట్టందురు. మాది ఇంటెల్ వారి ఎల్.జి.ఏ. 1155, అనగా 1,155 సన్నని సూదులు గలది. 2011లో వచ్చిన రెండవ తరమును, 2012లో వచ్చిన మూడవ తరమును ఈ పీటపై కూర్చుండును. 2013 నాటి నాలుగవ తరమునకు పీటయే మారిపోయినది. మాయందున్నది కోర్ ఐ3-2120. దానికి రెండు కోర్లు, అనగా వంట చేయు చేతులు రెండు. మూడవ తరపు కోర్ ఐ5-3470కి నాలుగు. మొదటిదానికి 65 వాట్లు, రెండవదానికి 77 వాట్లు. మా పాత విద్యుత్ పెట్టె భరింపగలదు. క్రొత్తవి యిప్పుడు దుకాణములలో దొరకవు గాని, కార్యాలయముల నుండి తీసివేసిన కంప్యూటర్లలోనివి చౌకగా దొరకును. నంద్యాలలో పాత సామాను అమ్మువాని యొద్ద 1,500 రూపాయలకు ఒకటి కొంటిమి.

పెట్టె విప్పి చూడగా మాకు సిగ్గు కలిగినది. బనగానపల్లె, బేతంచెర్ల ప్రాంతమున నాపరాళ్ళు కోయుదురు, నునుపు చేయుదురు. ఆ తెల్లని దుమ్ము మనము తుడిచినకొలది వచ్చుచునే యుండును. పదమూడేండ్ల దుమ్ము గాలిపంక క్రింద దూదివలె పేరుకొన్నది. ప్రాసెసరునకును దానిపై లోహపు దిమ్మకును నడుమ పూసిన థర్మల్ పేస్టు యెండి పెళుసై యుండెను. వేడి యెక్కువైనచో ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. మా యెండలలో పాపము అది ఎంత తగ్గించుకొన్నదో!

కరెంటు తీగ తీసివేసి, చేతిని పెట్టె యినుమునకు తాకించి, మెత్తని కుంచెతో దుమ్ము దులిపితిమి. ప్రాసెసరు మూలనున్న బంగారు త్రికోణమును సాకెట్టు గుర్తుతో సరిచూచి, ఏమాత్రము నొక్కక దింపితిమి. సూదులను వ్రేలితో తాకరాదు. ఒక్కటి వంగినను బోర్డు చెడును. కందిగింజయంత పేస్టు నడుమ నుంచి, దిమ్మను ఎదురెదురు మూలలుగా బిగించితిమి. మీట నొక్కితిమి. పంక తిరిగినది. తెర నల్లగనే యుండెను.

మరల నొక్కితిమి, మరల నలుపే. అమ్మాయి మా మొగము చూచినది. మావారు ఏమియు అనలేదు. అత్తగారు అరుగుమీద నుండి, "వెలిగిందా అమ్మా?" అని యడిగిరి. మాకు మాట రాలేదు. చీటీ సొమ్ము కాపాడుదుమని బయలుదేరి, యున్న యంత్రమును గూడ చంపుకొంటిమని దుఃఖము వచ్చెను. దుఃఖము కోపమైనది. చెడిపోయినదానిని అంటగట్టితివని ఆ పాత సామాను వానికి ఫోను చేసి పరుషముగ మాటలాడితిమి. అతడు, "తిప్పి పంపండమ్మా, డబ్బు ఇచ్చేస్తాను" అని మాత్రము అనెను.

ఆ రాత్రి ఐ3ను తిరిగి పెట్టగా తెర వెలిగినది. బోర్డుపై ముద్రించియున్న పేరును బట్టి, దానిని చేసిన వారి ప్రాసెసర్ల పట్టికను వెదకి చదివితిమి. ఐ5-3470 పేరు అందున్నది. దాని కెదురుగ, ఏ బయాస్ నుండి అది పనిచేయునో ఆ సంఖ్యయు నున్నది. బయాసనగా మీట నొక్కగనే బోర్డు తనలో తాను చదువుకొను మొదటి పాఠము. మా బోర్డులోని పాఠము మూడవ తరము పుట్టకముందే వ్రాసినది. వచ్చిన యతిథిని అది గుర్తింపలేకపోయినది. తప్పు ప్రాసెసరుది గాదు, అమ్మినవానిది గాదు. పీట సరిపోయిన చాలునని, అన్వయము చూడకయే తాత్పర్యము చెప్పబోయిన మాది.

బయాసును పాత ప్రాసెసరు ఉండగనే మార్చవలెను. ఆ పని నడుమ కరెంటు పోయినచో బోర్డు మరల మేల్కొనకపోవచ్చును. మా యూర వేసవిలో కరెంటు మాట చెప్పనక్కరలేదు గదా! ఇన్వర్టరు నిండుగ నున్నదని చూచుకొని, తెల్లవారుజామున, బోర్డువారి స్థలమునుండి తెచ్చిన దస్త్రమును పెన్‌డ్రైవున నుంచి మొదలిడితిమి. నాలుగైదు నిమిషములు పట్టినది. అంతసేపును మేము ఊపిరి బిగపట్టి యుంటిమి. అది ముగిసిన పిదప ఐ5ను పెట్టి మీట నొక్కగా తెరపై దాని పేరు కనబడినది. అమ్మాయి కేకకు అత్తగారు ఉలికిపడి లేచిరి.

ఖర్చంతయు, 150 రూపాయల పేస్టుతో గూడ, 4,150 రూపాయలు; బస్సు ఖర్చులు వేరు. దృశ్యపాఠము నడుచుచుండగనే పిల్ల వ్రాసికొనగలుగుచున్నది. ప్రాసెసరు సగము పనితోనే సరిపెట్టుకొనుచున్నది. తరువాత నంద్యాలకు పోయినప్పుడు బనగానపల్లె మామిడిపండ్లు ఒక బుట్ట ఆ పాత సామాను వానికిచ్చి, తొందరపడి యంటిమి, క్షమింపుమంటిమి. "ఇలా అని వచ్చినవారు మీరే అమ్మా" అని యతడు నవ్వెను.

ఇది చదివి మీరును ప్రయత్నింప దలచినచో కొన్ని మాటలు. దస్త్రములన్నిటిని ముందు వేరొకచోట దాచుకొనుడు. ల్యాప్‌టాపులలో ప్రాసెసరు సాధారణముగ బోర్డునకే అతికియుండును. దానిని మార్చు యాశ వలదు. ఏ.ఎమ్.డి. వారి ఏ.ఎమ్.4 బోర్డుగలవారు అదృష్టవంతులు. బయాసు మార్చినచో అనేక బోర్డులు పలు తరముల ప్రాసెసర్లను స్వీకరించును. కాని వానికి సూదులు ప్రాసెసరు క్రిందనే యుండును గాన, ఎండిన పేస్టుతో దిమ్మను గుంజునప్పుడు జాగ్రత్త. మరియు ఈ మార్పుచే పాతది క్రొత్తది గాదు. విండోస్ 11 వారు ఇంటెల్‌లో ఎనిమిదవ తరమునుండియే అంగీకరింతురు. విండోస్ 10కి రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. మీ పనికి విండోస్ తప్పనిసరియైనచో, ఇంత పాతదానిపై ప్రాసెసరుకై సొమ్ము పెట్టకుండుటయే మేలు. మా పనికి లినక్స్ చాలినది గనుక మాకు లాభించినది.

శ్రావణమాసమున అత్తగారికి ఒక కంటికిని, కార్తికమున రెండవ కంటికిని శస్త్రచికిత్స జరిగినది. అటు పిమ్మట ఒక సోమవారము ఆమెను ఆలయమునకు తోడుకొని పోతిమి. బసవన్న యెదుట చాలసేపు నిలిచి, "నేను కడసారి చూసినప్పటికంటే పెద్దవాడయ్యాడే!" అనిరి. బసవన్న పెరిగెనో, ఆమె కన్నులు తేటపడెనో మేము చెప్పజాలము. యింటికి వచ్చి ఆమె చేట ముందు పెట్టుకొని, బియ్యములోని రాళ్ళను చూచి యేరిరి.