నీరు పల్లమెరుగు

విజయవాడ నుంచి సముద్రం దాకా నేల ఎంత వాలుగా ఉంటుందో కారులో వెళ్ళేవారికి తెలియదు. సైకిలు మీద వెళ్ళేవారికీ తెలియదు. ప్రకాశం బ్యారేజీ నిండినప్పుడు దాని వెనుక నీరు సముద్రమట్టానికి 57 అడుగుల ఎత్తున నిలుస్తుంది. అక్కడి నుంచి కృష్ణ ఎడమగట్టు వెంబడి హంసలదీవికి మేము వెళ్ళిన దారి సుమారు 90 కిలోమీటర్లు. ఆ కాస్త ఎత్తును అంత దూరానికీ పంచితే కిలోమీటరుకు జానెడు వాలైనా రాదు. పాదానికి అందని ఆ వాలును నీరు మాత్రం పసిగడుతుంది. నీరు పల్లమెరుగు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

మొన్న జనవరిలో ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు 14 మందిమి బ్యారేజీ దగ్గర కలుసుకున్నాం. వారానికొకసారి నగరం చుట్టూ ముప్ఫయ్యో నలభయ్యో కిలోమీటర్లు తొక్కి, ఇడ్లీలు తిని ఇళ్ళకు చేరే బృందం మాది. సాగర సంగమం దాకా వెళ్ళాలన్న ఆలోచన రెండేళ్ళుగా మాటల్లోనే నానుతూ వచ్చింది. మాలో బ్యాంకు ఉద్యోగులున్నారు, ఒక డాక్టరుగారున్నారు, ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాళ్ళున్నారు. అందరికంటె పెద్దవారు నిరుడు ఉద్యోగ విరమణ చేసిన బడిపంతులుగారు. మేమంతా ఆయనను మాస్టారనే పిలుస్తాం. ఆయనది గేర్లు లేని పాత సైకిలు. ఆయన దివిసీమవారని మాకు తెలుసు. అటువైపు వెళ్ళరనీ తెలుసు. ఎందుకని ఎవరమూ అడగలేదు. ఈసారి వస్తానని ఆయనే అన్నారు.

1855లో పూర్తయిన పాత ఆనకట్టకు 1952లో గండిపడగా, దాని స్థానంలో 1957లో వచ్చిన బ్యారేజీ ఇది. దీనికి ఎగువన కృష్ణ సముద్రంలా ఉంటుంది. దిగువన, గేట్లు మూసి ఉన్న ఆ రోజుల్లో, ఇసుక మేటలు, వాటి మధ్య దారి వెతుక్కుంటున్నట్టు రెండు మూడు సన్నని పాయలు. నదిని కుడిచేతి వైపున ఉంచుకుని బయలుదేరామే గాని, చాలా దూరం వరకు నది ఉన్న జాడ నదిలో కంటె గట్టు మీదనే ఎక్కువగా కనిపించింది. ఎప్పుడో వచ్చే వరద కోసం ఏడాది పొడుగునా కాపలా కాసే గట్టు అది. మనవాళ్ళు కరకట్ట అంటారు.

కరకట్ట మీద సైకిలు తొక్కడం గొప్ప సుఖం. యనమలకుదురు దాటితే నగరం వదిలిపోతుంది. ఆనాడు మంచు దట్టంగా కురుస్తోంది. ముందు సైకిలు వెనుక దీపం ఒక్కటే కనిపిస్తూ, దాని వెంటే వరుసగా సాగాం. తోట్లవల్లూరు వచ్చేసరికి వెలుగు వచ్చింది. ఒకవైపు లంకభూముల్లో అరటి, పసుపు, కంద. మరొకవైపు వరి కోసిన మళ్ళలో పచ్చగా పరుచుకున్న మినుము. చెరకు బళ్ళ వెనుక చిక్కుకున్నప్పుడు తప్ప ఎక్కడా బ్రేకు వేయవలసిన పని పడలేదు. ఎత్తు లేదు, పల్లం లేదు. "సైకిలు కోసమే చేసిన నేల ఇది" అన్నాడు ఒక కుర్రవాడు. మాస్టారు విన్నారు, మాట్లాడలేదు.

శ్రీకాకుళంలో ఆగాం. ఉత్తరాంధ్ర శ్రీకాకుళం కాదు, ఘంటసాల మండలంలోని కృష్ణ ఒడ్డు పల్లె. కళింగ దండయాత్రకు వెళుతూ శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ బస చేశాడని, ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడని, ఆ కావ్యమే ఆముక్తమాల్యద అని మనకు తెలిసినదే. రాయలు ఆ రోజు ఏకాదశి ఉపవాసం ఉన్నాడట. మేము మాత్రం తలా నాలుగిడ్లీలు లాగించి మహావిష్ణువు దర్శనం చేసుకుని బయలుదేరాం.

మోపిదేవి దాటాక పులిగడ్డ. ఇక్కడ కృష్ణ రెండుగా చీలుతుంది. ఆ పాయలకూ సముద్రానికీ మధ్య చిక్కిన నేలే దివిసీమ. ఇక్కడి అక్విడక్టు దగ్గర కాసేపైనా ఆగమని మీకూ చెబుతాను. బ్యారేజీ దగ్గర మొదలైన కాలువ ఇక్కడ నది మీదుగా దాటి దివిసీమలోకి వెళుతుంది. కింద నది, పైన ఆ నది నీరే. ఈ చివర నదిలోకి సముద్రపు ఉప్పు ఎగదన్నుతుంది కనుక, పైరుకూ గొంతుకూ పనికివచ్చే నీరు పైనుంచి కాలువలో రావాలి. 2015లో పట్టిసీమ ఎత్తిపోతలు మొదలైన తరువాత అందులో కొంత గోదావరి కూడా కలిసింది. ఇంతమంది ఇంజనీర్లు ఇన్నేళ్ళు పాటుపడితే గాని నది తన చివరి పొలాన్ని చేరడం లేదు.

అవనిగడ్డ దాటేసరికి పదకొండు. అప్పటిదాకా లేని గాలి ఎదురుగా లేచింది. వాలు మాకు తెలియలేదు గాని ఈ గాలి తెలిసింది. గంటకు ఇరవై కిలోమీటర్ల వేగం పన్నెండుకు పడిపోయింది. కోడూరు దాటాక వరి తగ్గి రొయ్యల చెరువులు, చెరువుల్లో తిరిగే చక్రాలు, గట్ల మీద అక్కడక్కడ తాళ్ళు. ఒక చోట మాస్టారు సైకిలు దిగారు. మంచినీళ్ళకు ఆగారనుకుని అందరం ఆగాం. ఆయన రోడ్డు పక్కనున్న ఒక తాటిచెట్టు వంక చూస్తున్నారు.

"అది కాదులే. అలాంటిదే" అన్నారు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన అనే మాట మా తరానికి పెద్దల నోట విన్న మాట. దాదాపు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు తీరం నుంచి పది కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. చనిపోయినవారు అధికారిక లెక్కల్లోనే 10,000 దాటారు. ఈ సంఖ్యలు నేను చదివినవి. మాస్టారికప్పుడు పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. వాళ్ళ నాన్న ఆయనను తలపాగాతో తాటిచెట్టుకు కట్టి, చెల్లెలి కోసం ఇంటివైపు వెళ్ళాడు. తెల్లవారి ఆయనను ఎవరో విప్పారు. అమ్మా నాన్నా చెల్లెలూ ముగ్గురిలో ఒక్కరూ దొరకలేదు.

"మాకు కొండ లేదు బాబూ" అన్నారు, ఇందాకటి కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి. "మేడలూ లేవు. ఎక్కడానికి తాటిచెట్టే."

ఆ కుర్రవాడు తల దించుకున్నాడు. "నువ్వన్నది నిజమే. మంచి నేల. అందుకే నీళ్ళు కూడా ఎక్కడా ఆగలేదు" అని ఆయన మళ్ళీ సైకిలెక్కారు.

అక్కడి నుంచి నా చూపు మారిపోయింది. రోడ్డు పొలం కంటె ఎంత ఎత్తున ఉంది, ఇళ్ళు అరుగు మీద లేచాయా, నేల మీదనే ఉన్నాయా అని చూస్తూ వచ్చాను. ఉప్పెన తరువాత తీరగ్రామాలలో తుఫాను రక్షణ భవనాలు కట్టారు. మొన్న 2025 అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు తీరం వెంబడి జనాన్ని ముందుగానే తరలించారు. ఆ రోజున వార్తల్లో అది నాలుగు వాక్యాల సంగతి. జానెడు వాలైనా లేని నేల మీద నిలబడి తలచుకుంటే, ఒక పిల్లవాడికి ఎక్కడానికి మెట్లున్న మేడ దొరకడమంటే ఏమిటో తెలుస్తుంది.

హంసలదీవి చేరేసరికి మధ్యాహ్నం రెండు. సంగమంలో మునిగిన కాకి హంసగా మారిందని ఇక్కడి స్థలపురాణం. వేణుగోపాలస్వామి గుడి నీడలో కుర్రవాళ్ళు కాళ్ళు బారచాపి పడుకున్నారు. నేనూ మాస్టారూ ఇంకాస్త ముందుకు, మడచెట్ల మధ్యనున్న ఒక పాయ దాకా వెళ్ళాం. పోటు సమయం. పాయలో నీరు సముద్రం వైపు కాక లోపలికి, మేము వచ్చిన వైపుకే, చప్పుడు లేకుండా నడుస్తోంది. ఒక ఎండుటాకు మా ముందు నుంచి ఉత్తరంగా వెళ్ళిపోయింది.

మాస్టారు చాలాసేపు దానినే చూశారు. తరువాత ఒడ్డున కూర్చుని, చెప్పులు విప్పి, రెండు పాదాలూ ఆ నీటిలో పెట్టారు.

"చల్లగానే ఉంది" అన్నారు.